చిన్నాన్న మైకు, పిన్ని లక్కపిడతలు

మా చిన్నాన్నకి మామూలుగా మాట్లాడటం రాదు. పక్కన కూర్చున్న మనిషిని మంచినీళ్ళు అడిగినా ఊరవతల బలిఘట్టం దాకా వినపడాల్సిందే. తొంభైల్లో నర్సీపట్నంలో ఉన్నవాళ్ళకి ఆయన మొహం తెలియకపోవచ్చు గానీ గొంతు తెలియకుండా ఉండదు. మొదట్లో రిక్షాకి, తర్వాత ఆటోకి మైకు కట్టుకుని ఊరంతా తిరిగేవాడు. సినిమా మారినా, చర్చిలో సభలు పెట్టినా, పోలియో చుక్కలు వేస్తున్నా, బట్టల కొట్టు కొత్తగా తెరిచినా ఊరికి ఆయన నోటి నుంచే తెలియాలి. ఒక చేతిలో మైకు, రెండో చేతిలో రంగు కాగితాల కట్ట. ఆ కాగితాలు గాల్లోకి విసురుతుంటే ఆటో వెనక పిల్లలం పరిగెత్తేవాళ్ళం. గులాబీ రంగువి దొరికితే పుస్తకాల మధ్య దాచుకునేదాన్ని.

ఆయన పనికి ఒకటే నియమం. ప్రతి సెంటర్లో ఆటో ఆపాలి, ఒకే మాటని మూడుసార్లు చెప్పాలి, అక్షరం మారకూడదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఏం చెప్పాడో అబీద్ సెంటర్లోనూ అదే, పెదబొడ్డేపల్లిలోనూ అదే. "అదే మాట అన్నిసార్లు చెప్పడానికి విసుగు రాదా చిన్నాన్నా" అని అడిగానొకసారి.

"ఒక్కసారి సెప్తే ఎవులింటారే గుంటా? మొదట్సారికి తలెత్తుతారు, రెండోసారికి ఇంటారు, మూడోసారికి నమ్ముతారు" అన్నాడు.

అది ఉత్త మాట కాదని ఊరంతా చూసింది. నాతవరం వైపు నుంచి సంతకి వచ్చిన ఒక ముసలామె జనంలో తప్పిపోయింది. ఆమె కొడుకు ఏడుస్తూ చిన్నాన్న దగ్గరికి వచ్చాడు. నీలం చీర, చేతిలో గోనెసంచి, చెవులు సరిగా వినపడవు. ఈ ముక్కలే చెప్పుకుంటూ చిన్నాన్న ఊరు చుట్టాడు, తిరిగిన సందులే మళ్ళీ తిరిగాడు. సాయంత్రానికి ఒక కిరాణా కొట్టు అరుగు మీద దొరికిందామె. మైకు మొదటిసారి వెళ్ళినప్పుడు తూకంలో ఉండి వినలేదని, తిరిగొచ్చినప్పుడు విన్నానని ఆ కొట్టాయన చెప్పాడు. ఇక చిన్నాన్న నమ్మకానికి అడ్డు లేకపోయింది. నేను కూడా నమ్మాను. ఆ ముసలామె కొడుకు చిన్నాన్న చేతులు పట్టుకోవడం చూసిన వాళ్ళెవరైనా నమ్ముతారు.

పిన్ని ఆయనకి పూర్తిగా భిన్నం. నోట్లోంచి మాట రావడమే గగనం. ఆవిడది ఏటికొప్పాక. వాళ్ళ నాన్నకి మగపిల్లలు లేక, కర్ర తిప్పి బొమ్మలు చేసే విద్య కూతురికే నేర్పాడు. పెళ్ళయి నర్సీపట్నం వస్తూ ఆవిడ బీరువా తెచ్చుకోలేదు, కర్ర తిప్పే లేతు మిషను తెచ్చుకుంది. దాన్ని పెరట్లో రేకుల షెడ్డు కింద బిగించారు. గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకి ఉలి ఆనించి చెక్కడం, చెక్కిన దానికి రంగు లక్క పుల్లని ఆనించి పట్టుకోవడం, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి అంటుకోవడం, చివర్న మొగలాకుతో ఒత్తితే అద్దంలా మెరవడం. నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దింపకుండానే అక్కడ కూలబడేదాన్ని.

ఆవిడ చేసేవన్నీ లక్కపిడతలే. పిల్లలు వంటాట ఆడుకునే బుల్లి కుండలు, పొయ్యి, తిరగలి, గరిటెలు. రంగులు కూడా ఆవిడే కాచుకునేది. జాఫ్రా గింజలతో ఎరుపు, పసుపు కొమ్ములతో పసుపు, నీలిమందుతో నీలం. "పిల్లలు బొమ్మని ముందు సూడరే, నాకుతారు" అనేది. అందుకని డబ్బా రంగు ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఆవిడకి ఉన్న పట్టుదలంతా అదొక్కటే, మిగతా విషయాల్లో ఎవరేమన్నా తల ఊపేసేది.

కానీ బొమ్మలు టోకున కొనేవాళ్ళకి కావలసింది వేరు. తాళాల గుత్తులకి తగిలించే బొమ్మలు, పెన్నుల స్టాండ్లు, అవీ డబ్బా రంగుతో, అవీ బేగి. గింజల రంగు బేగి రాదు, దానికి రోజులు పడతాయి. రెండువేల సంవత్సరం దాటేసరికి పిన్ని లేతు వారంలో సగం రోజులు ఊరికే పడి ఉండేది. తిరగని రోజుల్లో ఆవిడ అన్నం కూడా సరిగా తినేది కాదు. ఆ లేతు ఆగిపోతే ఈ మనిషి ఏమైపోతుందోనని నాకు నిజంగా భయం వేసేది.

అప్పటికి నేను కాంప్లెక్స్ ఎదురు సందులో ఒక డీటీపీ సెంటర్లో పని చేస్తున్నాను. శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, ఓట్ల సమయంలో కరపత్రాలు టైపు చేయడం. మా సెంటర్‌కి ఇంటర్నెట్ వచ్చిన కొన్నాళ్ళకి బ్లాగు అనేది ఒకటుందని, పైసా కట్టక్కర్లేదని, తెలుగులోనే రాసుకోవచ్చని తెలిసింది. రాయడానికి నా దగ్గర ఏముంది గనక. పిన్ని పక్కన కూర్చుని, ఆవిడ చేస్తున్నది చూస్తూ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. రంగు ఎలా కాస్తుందో, లక్క ఎలా పడుతుందో, అన్నీ. ఫొటోలు పెట్టాను. "ఇవి పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. గింజల రంగు, లక్క, కర్ర, మా చేతులు తప్ప వీటిలో ఇంకేమీ లేవు" అనేది ఆఖరి వాక్యం. దాన్ని నేను రాయలేదు, పిన్ని అన్న మాటని యాస సర్ది పెట్టాను, అంతే. దాని కింద చిన్నాన్న సెల్ నంబరు.

కొన్ని నెలలు ఏమీ లేదు. తర్వాత ఒకరోజు సెర్చ్‌లో లక్కపిడతలు అని కొడితే అన్నిటికన్నా పైన మా బ్లాగే కనపడింది. నేను కుర్చీలోంచి లేచి మా ఓనర్ని పిలిచి మరీ చూపించాను.

మొదటి ఫోను కాకినాడ నుంచి. చిన్నపిల్లల బడి నడిపే ఒక టీచరమ్మ. చిన్నాన్న సెల్ ఎత్తి, "నర్సీపట్నం, లక్కపిడతలు, సెప్పండి" అని మైకు గొంతుతో అరిచాడు. పాపం ఆవిడ చెవి ఏమైందో గానీ, పిడతలు మాత్రం తెప్పించుకుంది. బాగున్నాయని ఇంకో ఇద్దరికి చెప్పింది. విశాఖ నుంచి ఒకరు, రాజమండ్రి నుంచి ఒకరు, బెంగళూరు నుంచి తెలుగువాళ్ళెవరో. అట్టపెట్టెల్లో ఎండుగడ్డి వేసి సర్ది, పైన మా నంబరు రాసి బస్సు పార్సిల్లో పంపేవాళ్ళం. షెడ్డులోంచి లేతు చప్పుడు పొద్దున్నుంచీ వినిపించేది. పిన్ని నన్ను పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి, తనంతట తానే కబుర్లు చెప్పేది. అంత మాటకారి అని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒక మధ్యాహ్నం చిన్నాన్న మిరపకాయ బజ్జీల పొట్లంతో మా సెంటర్‌కి వచ్చి నా పక్క కుర్చీ లాక్కున్నాడు.

"ఈ రాసింది ఒక్క దగ్గరే పెట్టేవేటి?"

"అవును చిన్నాన్నా. ఒక బ్లాగే కదా ఉన్నది."

"అంత పెద్ద ఇంటర్నెట్టుకి ఒక్క గోడ మీద ఒక్క పోస్టరు అంటించి ఊరుకున్నావేటే? ఇంకో నాలుగు దగ్గర్ల పెట్టీ. అచ్చరం మారకూడదు, సూసుకో."

అది నాకు సబబుగానే తోచింది. ఊళ్ళో పుట్టి పెరిగిన ఏ మనిషికైనా సబబుగానే తోస్తుంది. నర్సీపట్నం పేరుతో ఒక బ్లాగు, ఏటికొప్పాక పేరుతో ఒకటి, బొమ్మల పేరుతో ఒకటి, పిల్లల ఆటల పేరుతో ఇంకొకటి తెరిచి, అన్నింటిలో అదే రాత, అవే ఫొటోలు అతికించాం. ఉచితంగా ప్రకటనలు వేసుకునే సైట్లలోనూ అతికించాం. చిన్నాన్న బజ్జీ నముల్తూ తెర మీద వేలు పెట్టి అక్షరం అక్షరం సరిచూసేవాడు. ఒక్కో బ్లాగు అవ్వగానే, "ఇంకో సెంటరు అయిపోయింది" అనేవాడు. మా ఇద్దరికీ అదో పండగలా ఉండేది.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక కొట్టతను ఫోన్ చేశాడు. పాతకాలపు తెలుగిళ్ళలో వాడే సామాన్లు అమ్ముతాడట, వెబ్‌సైటు కూడా అంతా తెలుగులోనే ఉండాలని అతని సరదా. "మీ బ్లాగులో రాసింది మా సైట్లో పెట్టుకోవచ్చా అండీ" అని మర్యాదగానే అడిగాడు. చిన్నాన్న ఉబ్బిపోయాడు. తన పని ఇంకొకడు ఊరికే చేసిపెడతానంటే మరి ఉబ్బడా. "తీసుకోండి బాబూ, ఫొటోలు కూడా తీసుకోండి. ఎంతమంది సెప్తే అంత మంచిది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా వీధిలో అందరికీ ఆ సంగతి చెప్పాడు. చెప్పకపోయినా తెలిసేది, ఫోన్లో మాట్లాడిందే అందరూ విన్నారు.

తర్వాత తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. వానలు కదా అనుకున్నాం. వానలు తగ్గాక పరీక్షలు కదా అనుకున్నాం. చిన్నాన్న మాత్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. "జనం కదల్లేదంటే ఇంకో రౌండు ఎయ్యాల" అని నన్ను తొందరపెట్టాడు. ఇంకో బ్లాగు తెరిచాం. ఫోన్లు ఇంకా తగ్గాయి. ఇంకోటి తెరిచాం. చివరికి పూర్తిగా ఆగిపోయాయి. చిన్నాన్న సెల్ పట్టుకుని, సిగ్నల్ లేదేమోనని డాబా ఎక్కి నిలబడేవాడు. నా చేత మిస్డ్ కాల్ ఇప్పించుకుని, అది మోగితే కిందికి దిగి వచ్చేవాడు.

షెడ్డులో చప్పుడు తగ్గింది. పిన్ని కబుర్లూ తగ్గాయి.

అలాంటప్పుడు హైదరాబాదు కొట్టతను మళ్ళీ ఫోన్ చేశాడు. లక్కపిడతలు కావాలని చాలామంది అడుగుతున్నారట. "కర్ర తిప్పి రంగు లేకుండా పంపించేయండి. రంగు మేమిక్కడే వేయించుకుంటాం, తొందరగా అయిపోతుంది" అన్నాడు. చిన్నాన్న మొహం వెలిగిపోయింది. "సూసేవా, మాట ఎల్లింది" అన్నాడు నాతో. పిన్ని చాలాసేపు గుమ్మంలో నిలబడి, లేతు వైపు చూసి, సరే అంది. తిరగకుండా ఉండటం కంటే నయం అనుకుని ఉంటుంది. తెల్లటి కుండలు, తెల్లటి గరిటెలు గోనెసంచుల్లో కట్టి పంపాం. మూట కట్టేటప్పుడు, "పిల్లల్ని బట్టల్లేకుండా బడికి పంపినట్టున్నాది" అంది పిన్ని. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

కొన్నాళ్ళకి కాకినాడ టీచరమ్మ నుంచి ఫోను వచ్చింది. చిన్నాన్న సంబరంగా ఎత్తి, రెండు మాటలు విని, మొదటిసారి గొంతు తగ్గించి, ఫోను పిన్నికిచ్చాడు. స్పీకరు నొక్కి పెట్టి ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"మీ నంబరు కనపడక సెర్చ్‌లో వెతికానండీ. హైదరాబాదు సైటు వచ్చింది. ఫొటోలు మీవే, మాటలు మీవే, నోట్లో పెట్టుకున్నా భయం లేదని అదే వాక్యం. మీరే అక్కడ పెట్టించారనుకుని తెప్పించాను. చూస్తే పిల్లల పెదాలకి రంగు అంటుకుంటోంది. ఇవాళ మీ పాత అట్టపెట్టె మీద నంబరు కనపడి చేస్తున్నాను. మీరు రంగు మార్చారా అమ్మా?"

"లేదమ్మా, మార్సలేదు. ఆ రంగు నాది కాదు. ఆటిని పారేయండి" అంది పిన్ని. ఫోను చిన్నాన్న చేతిలో పెట్టి, లేతు ముందున్న పీట మీద కూర్చుంది. కొంతసేపటికి, "నా మాట నమ్మి పిల్లల నోట్లో ఎట్టేరు" అంది. ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది. తెల్లకర్ర పని ఆ పూటతోనే మానేసింది. కొట్టతనికి కబురు పంపి, మిగిలిన లక్కతో ఒక సెట్టు చేసి టీచరమ్మకి పంపింది.

నేను సెంటర్‌కి వెళ్ళి, పని పక్కన పెట్టి వెతికాను. పైన హైదరాబాదు కొట్టు. మా బ్లాగు లేదు. తర్వాతి పేజీలో లేదు, ఆ తర్వాత దానిలోనూ లేదు. ఆఖరి పేజీ అడుగున సన్నటి అక్షరాలు ఉన్నాయి. దాదాపు ఇలాంటివే మరికొన్ని పేజీలు ఉన్నాయి, వాటిని చూపించకుండా వదిలేశాం, కావాలంటే నొక్కండి అని. నొక్కాను. మావన్నీ అక్కడున్నాయి. చిన్నాన్నా నేనూ బజ్జీలు తింటూ పెట్టిన ప్రతి సెంటరూ వరసగా బయటికి వచ్చింది. వాటి మధ్య ఎక్కడో మా మొదటి బ్లాగు, పిన్ని పక్కన కూర్చుని రాసినది.

విశాఖలో వెబ్‌సైట్లు చేసే ఒకాయన పని మీద మా సెంటర్‌కి వస్తుండేవారు. ఆయన్ని అడిగితే విడమరిచి చెప్పారు. "ఒకే రాత పదిచోట్ల ఉంటే సెర్చ్ ఇంజిన్ పదీ చూపించదమ్మా. వెతికేవాళ్ళకి విసుగు కదా. ఒకటి ఉంచి మిగతావి మడిచి పక్కన పెడుతుంది. ఏది ముందు రాసిందో దానికి ఖాయంగా తెలియదు. ఎక్కువ మంది ఏ పేజీకి లింకు ఇచ్చారో, ఏ సైటు పెద్దదో దాన్నే అసలుది అనుకుంటుంది. మీకు వచ్చే కాసిని లింకులూ మీ బ్లాగులన్నిటికీ చెదిరిపోయాయి. ఆ కొట్టుది పెద్ద సైటు."

"అయితే మాకు శిక్ష వేసిందా?"

"శిక్షేం కాదు. మిమ్మల్ని నకలు అనుకుంది, అంతే."

నాకు ఒళ్ళు మండింది. మాట ఒకటే అని కనిపెట్టిన యంత్రానికి, ఆ మాట ఒకచోట నిజమని, ఇంకోచోట అబద్ధమని తెలియకపోవడం ఏమిటి. కానీ దాని మీద కోపగించి ఏం లాభం. దానికి పెదాలకి అంటుకున్న రంగు కనపడదు.

మేము పెట్టిన నకళ్ళన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ప్రకటనల సైట్లలో కొన్ని తీయడానికి కూడా కుదరలేదు. కొట్టతనికి ఫోన్ చేసి మా రాత తీసేయమని అడిగితే, "మీరే ఇచ్చారు కదండీ" అన్నాడు. ఇచ్చిన మాట నిజమే. ఇక మిగిలింది ఒకటే దారి అన్నారు విశాఖ ఆయన, అదే విషయం పూర్తిగా వేరే మాటల్లో కొత్తగా రాసుకోండి అని. నేను పెన్ను పట్టుకుని మళ్ళీ పిన్ని పక్కన కూర్చున్నాను.

"ఉన్నదున్నట్టు సెప్పీసినాం కదే" అంది ఆవిడ. "ఇంకోలాగ అంటే ఏటి సెప్పాల? గింజల రంగు కాదని సెప్పాలా?"

మాటలు అటూ ఇటూ తిప్పి ఏదో రాశాను. అందులో పిన్ని లేదు. అది పైకి రాలేదు కూడా. ఒకరిద్దరు ఫోన్ చేశారు, అదీ తాళాల బొమ్మల కోసం. పిన్ని లేతు మీద గోనెపట్టా కప్పేసి, వీధిలోకి పెనం పెట్టుకుని అట్లు వేయడం మొదలుపెట్టింది. అట్లు బాగానే అమ్ముడయ్యేవి. ఆవిడ మళ్ళీ మునుపటి మనిషైపోయింది, ఎవరేమన్నా తల ఊపడం.

చిన్నాన్నకి ఇదంతా చాన్నాళ్ళు చెప్పలేదు. ఆయనే పట్టుబట్టి అడిగాడు, అన్ని దగ్గర్ల పెడితే ఎందుకు ఎల్లలేదని. నాకు తెలిసినంతలో చెప్పాను. మైకు వైరు చుట్ట చుడుతూ విన్నాడు. చుట్టడం అయిపోయాక కూడా దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు.

"అయితే అమ్మా, ఒక్క దగ్గరే ఒక్కసారి సెప్పుంటే ఇనీవోరా?"

వినేవాళ్ళు కాదు అనాల్సింది. ఎంత చిన్న అబద్ధం అది. కానీ ఆయన నన్ను గుంటా అనకుండా అమ్మా అని అడిగాడు, నిజం చెప్పాలనిపించింది. "వినేవాళ్ళు చిన్నాన్నా" అన్నాను.

ఆయన వైరు తీసుకెళ్ళి ఆటోలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత చిన్నాన్న మైకు గురించి ఊళ్ళో కంప్లయింట్లు మొదలయ్యాయి. ప్రకటన ఇచ్చినవాళ్ళు మా నాన్న దగ్గరికి వచ్చి చెప్పేవాళ్ళు, మీ తమ్ముడు ఇదివరకటిలా చెప్పటం లేదు, సగం బజారుకి వినపడలేదు అని. ఒకరిద్దరు వేరే ఆటో మాట్లాడుకున్నారు. వయసు మీద పడిందనుకున్నారు అందరూ. నాకు మాత్రం లోపల ఎక్కడో అనుమానంగానే ఉండేది, అయినా వెళ్ళి చూడలేదు.

ఒక సాయంత్రం పని ముగించుకుని అబీద్ సెంటర్ మీదుగా ఇంటికి వెళ్తుంటే ఆయన ఆటో వచ్చి ఆగింది. చర్చి సభల ప్రకటన. జనం కిటకిటలాడుతున్నారు, ఒక బస్సు హారన్ కొడుతోంది. చిన్నాన్న మైకు నోటి దగ్గర పెట్టుకుని, తొందరపడకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చెప్పి, మైకు కట్టేశాడు.

"ఏటన్నారు బాబూ, ఇనపళ్ళేదు" అని టీ కొట్టు దగ్గర నుంచి ఎవరో అడిగారు. చిన్నాన్న మళ్ళీ చెప్పలేదు. ఆటో కదలబోతుంటే నేను కనపడ్డాను. సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసి తల ఊపాడు.

నేను కూడా ఊపాను.